జ్యూరీ లేని కోర్టులో జడ్జి పని

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ఇంగ్లీషు సినిమాల్లో కోర్టు సీను వస్తే ఓ పక్కన పన్నెండుమంది కూర్చుని ఉంటారు, మన కోర్టుల్లో వాళ్ళు కనబడరేం అని అడిగారు. సెషన్స్ కోర్టులో బెంచ్ క్లర్కుగా చేసినవాణ్ణి కదా, ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేయడం ఇష్టంలేక రాస్తున్నాను.

ఆ కూర్చునేవాళ్ళనే జ్యూరీ అంటారు, ముద్దాయి దోషా కాదా అని తేల్చేది వాళ్ళే. ఒకప్పుడు మన దేశంలోనూ జ్యూరీ ఉండేది. వాళ్ళు మామూలు మనుషులు, చట్టం చదివినవాళ్ళు కారు. అందుకని సాక్ష్యాలన్నీ అయ్యాక జడ్జిగారు వాళ్ళకి కేసు విడమరిచి చెప్పేవారు: ఏది రుజువు కావాలి, ఎవరు రుజువు చేయాలి, ఏ సెక్షన్‌కి అర్థమేమిటి అని. అక్కడ పొరపాటు దొర్లితే కేసు మొత్తం దారి తప్పుతుంది.

1959లో బొంబాయిలో అదే జరిగింది. నేవీ కమాండర్ నానావతి ఒక మనిషిని రివాల్వర్‌తో కాల్చాడు. పెనుగులాటలో అదే పేలిందన్నాడు. తొమ్మిదిమంది జ్యూరీలో ఎనిమిదిమంది నిర్దోషి అన్నారు. జడ్జిగారు ఆ మాట ఒప్పుకోలేక కేసును హైకోర్టుకి పంపారు. అక్కడ యావజ్జీవం పడింది. 1961 నవంబర్ 24న సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది ఎవరనుకున్నారు? మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు! తర్వాత ఆయనే దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

జ్యూరీకి సరిగ్గా చెప్పని సంగతులను ఆయన తీర్పులో ఎత్తిచూపారు. నేరం రుజువు చేయాల్సింది ఎప్పుడూ ప్రాసిక్యూషనే, అంటే కేసు నడిపే ప్రభుత్వ పక్షమే. కానీ "అది ప్రమాదం" అని ముద్దాయి మినహాయింపు కోరితే, దానికి ఆధారం చూపాల్సింది అతనే. ఈ తేడా జ్యూరీకి తెలియాలి కదా. ప్రమాదం కాకపోయినా పట్టరాని కోపంలో చేశాడన్న వాదననూ ఆయన గడియారం పెట్టి చూశారు. ముద్దాయి ఇల్లు కదిలింది ఒకటిన్నరకి, కాల్పులు నాలుగూ ఇరవైకి. మధ్యలో భార్యాపిల్లల్ని సినిమాహాలు దగ్గర దింపి, ఓడకి వెళ్ళి రివాల్వర్ తెచ్చుకున్నాడు. కోపం చల్లారడానికి ఆ టైమ్ చాలదా?

ఇదే ఆఖరి జ్యూరీ కేసని చాలామంది రాస్తుంటారు, అది నిజం కాదు. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీ నడిచింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో క్రిమినల్ కేసుల్లో అది పోయింది. 2024 జులై నుంచి ఆ కోడ్ బదులు కొత్త చట్టం వచ్చినా, జ్యూరీ మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు సాక్ష్యం వినేదీ, తేల్చేదీ జడ్జి ఒక్కరే. సాక్షిని పిలిచిన పక్షం లాయరు ముందు ప్రశ్నలు అడుగుతాడు, దాన్ని చీఫ్ అంటారు. "ఎర్రచొక్కా మనిషే కదా పరుగెత్తింది?" అని జవాబు నోటికి అందించకూడదు, "ఎవర్ని చూశావు?" అనే అడగాలి. క్రాస్‌లో అంటే తర్వాత అవతలి పక్షం ప్రశ్నించేటప్పుడు మాత్రం, ఆ లాయరు అలా అడగొచ్చు. మీ ఈడు పిల్లలు సాక్షిగా వస్తే జడ్జిగారు ముందు తానే పలకరిస్తారు: ఏ క్లాసు, బడి ఎక్కడ, అబద్ధం చెబితే ఏమవుతుంది అని. అడిగింది అర్థమై, తెలివిగా జవాబు చెప్పగలిగితే సాక్ష్యం తీసుకుంటారు. పన్నెండేళ్ళు నిండనివాళ్ళు ప్రమాణం చేయకపోయినా ఫర్వాలేదు. పోలీసుల ముందు "నేనే చేశాను" అన్న మాట ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు.

అన్నిటికన్నా నాకు నచ్చేది చివరి పని. జ్యూరీ ఒక్క మాటలో తేల్చి లేచిపోయేది, ఎందుకో చెప్పక్కర్లేదు. జడ్జి అలా కాదు. ఏ సాక్షిని నమ్మాను, ఎవర్ని నమ్మలేదు, ఎందుకు అని కాగితం మీద రాయాలి. ఓడినవాడు పైకోర్టులో అడగగలిగేది ఆ కారణాల మీదే.

సెలవులకు రండి, కోర్టుకి తీసుకెళ్తాను. మామూలు విచారణ ఎవరైనా కూర్చుని వినొచ్చు. ఫోన్లు మాత్రం ఆఫ్ చేసుకోవాలి.

మీ తాతయ్య