వెయ్యి ప్లేల గీత: అసలు బేరం 2008లోనే కుదిరింది

స్వతంత్ర సంగీతకారులకు స్ట్రీమింగ్ కంపెనీలు ఎంత ఇవ్వాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2025లో జరిగిన రెండు సంగతులు దాన్ని ఎగదోశాయి. ఆ ఏడాది జూన్‌లో స్పాటిఫై వ్యవస్థాపకుడు డేనియల్ ఎక్ పెట్టుబడి సంస్థ ముందుండి, జర్మనీకి చెందిన రక్షణ రంగ కంపెనీ హెల్సింగ్‌కు 60 కోట్ల యూరోల నిధులు సమకూర్చింది. దీన్ని తప్పుపడుతూ డీర్‌హూఫ్, కింగ్ గిజార్డ్ అండ్ ద లిజార్డ్ విజార్డ్ వంటి బృందాలు స్పాటిఫై నుంచి తమ పాటలు తీసేశాయి. అదే వేసవిలో ‘వెల్వెట్ సన్‌డౌన్’ అనే బృందానికి నెలకు పది లక్షల మందికి పైగా శ్రోతలు చేరారు. తీరా చూస్తే ఆ పాటలు కృత్రిమ మేధతో తయారైనవి.

తప్పుకున్న బృందాలు ప్రధానంగా చెప్పిన కారణం ఆయుధాలే. కానీ ఆ చర్చ మొదలవగానే పాత పుండు కూడా రేగింది. 2024 మొదట్లో స్పాటిఫై ఒక నిబంధన తెచ్చింది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే కాని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్క కట్టరు. రచయిత, స్వరకర్తల రాయల్టీ లెక్క వేరు, దాన్ని ఈ నిబంధన ముట్టుకోలేదు. చాలామంది ఈ కథను అక్కడి నుంచే చెబుతున్నారు. ఆ నిబంధన కేవలం ఫలితమనీ, దాని కారణం 2008లో ఉందనీ నా అభిప్రాయం.

నాప్‌స్టర్ గొడవ, క్యాసెట్లూ సీడీలూ పోయిన తీరు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. ఒక్క ముక్క మాత్రం గుర్తుంచుకోవాలి. 2003లో యాపిల్ ఆన్‌లైన్ పాటల దుకాణం ఐట్యూన్స్ అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు పాట వెల 99 సెంట్లు. పెద్ద లేబుల్ పాటైనా, సొంతంగా రికార్డు చేసుకున్నవాడి పాటైనా అదే వెల. దుకాణం తన వాటా తీసుకున్నాక మిగిలింది సీడీ బేబీ లాంటి మధ్యవర్తికి చేరేది. వాళ్లు 9 శాతం ఉంచుకుని మిగతాది పాటగాడికి ఇచ్చేవాళ్లు. పాట అమ్ముడైతే చేతికి ఎంతొస్తుందో ముందే తెలిసేది. వచ్చింది తక్కువే కావచ్చు, కానీ పక్కవాడి పాట ఎంత మోగిందన్న దానితో ఆ లెక్కకు సంబంధం ఉండేది కాదు.

2008 అక్టోబరులో స్పాటిఫై యూరప్‌లో మొదలైనప్పుడు ఈ సంబంధం తలకిందులైంది. పాటకు వెల అన్న మాటే పోయింది. దాని స్థానంలో ఉమ్మడి కుప్ప వచ్చింది. ఒక దేశంలో వచ్చిన చందాలు, ప్రకటనల డబ్బు అంతా కుప్ప పోసి, అందులో దాదాపు మూడింట రెండు వంతులు హక్కుదారులకు పంచుతారు. మొత్తం ప్లేలలో నీ ప్లేలు ఎంత భాగమో, కుప్పలో నీకు అంత భాగం.

ఇది న్యాయంగానే వినిపిస్తుంది. మన దగ్గరి లెక్కతో చూస్తే లోపం బయటపడుతుంది. 2019లో స్పాటిఫై భారత్‌కు వచ్చినప్పుడు నెల చందా 119 రూపాయలు. పన్నులు పక్కన పెడితే అందులో సుమారు 80 రూపాయలు హక్కుదారుల భాగం అనుకుందాం. వరంగల్‌లో ఒకరు ఆ నెలంతా ఒకే గాయని పాటలు, 200 సార్లు విన్నారు. ఆ 80 రూపాయలు ఆమెకు వెళ్లవు. దేశంలో అందరి డబ్బుతో కలిసి కుప్పలో పడతాయి. ఒక జిమ్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా హిట్ పాటల జాబితా మోగుతూ ఉంటుంది, నెలకు 5,000 ప్లేలు. ఆ అకౌంటు కట్టేదీ 119 రూపాయలే. కానీ కుప్ప పంపకంలో దాని మాటకు 25 రెట్లు ఎక్కువ బరువు. వరంగల్ శ్రోత డబ్బులో సింహభాగం తాను ఎప్పుడూ వినని పాటలకు పోతుంది. గాయని తప్పేమీ లేదు. ఆమె శ్రోత తక్కువ వింటాడు, అంతే.

ఈ పద్ధతిని ఎవరు కుదుర్చుకున్నారన్నది అసలు ప్రశ్న. స్పాటిఫైకి పెద్ద లేబుళ్ల పాటలు లేకపోతే దుకాణం తెరుచుకోదు. అందుకే యూనివర్సల్, సోనీ, వార్నర్, ఈఎంఐలతో ముందు బేరం కుదిరింది. పాటలు ఇచ్చినందుకు వాళ్లకు కంపెనీలో వాటాలు కూడా వచ్చాయి. స్వతంత్ర లేబుళ్లు ఒక్కొక్కటిగా వెళితే ఎవరూ పట్టించుకోరని గ్రహించి మెర్లిన్ అనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. దానికీ చిన్న వాటా దక్కింది. ఇంట్లో రికార్డు చేసుకుని, సీడీ బేబీ లాంటి డిస్ట్రిబ్యూటర్ ద్వారా పాట ఎక్కించేవాడు ఆ బల్ల దగ్గర లేడు.

అక్కడ ఏం రాసుకున్నారో లోకానికి కొంతైనా తెలిసింది 2015 మేలో. సోనీ 2011లో అమెరికా కోసం స్పాటిఫైతో చేసుకున్న ఒప్పందాన్ని టెక్ వార్తల సైట్ ద వెర్జ్ బయటపెట్టింది. మొదటి ఏడాదికి 90 లక్షల డాలర్లు, రెండో ఏడాదికి 1.6 కోట్లు, మూడో ఏడాదికి కొనసాగితే 1.75 కోట్ల డాలర్లు అడ్వాన్సు. మొత్తం 4.25 కోట్ల డాలర్లు. ఇంకో లేబుల్‌కు అంతకంటే మెరుగైన షరతులు ఇస్తే సోనీకీ అవే ఇవ్వాలన్న నిబంధన. ఇవి చదివాక ఉమ్మడి కుప్ప అన్న మాటకు అర్థం మారిపోతుంది. కొందరికి కుప్ప కొలవక ముందే బస్తాలు ఇంటికి చేరుతున్నాయి. ప్లేలు తగ్గినా వాళ్లకు కింద ఒక నేల ఉంది. స్వతంత్ర సంగీతకారుడికి అడ్వాన్సు లేదు, కనీస హామీ లేదు, ఇతరులకు ఇచ్చినంత నాకూ ఇవ్వమనే హక్కూ లేదు.

2018 ఏప్రిల్‌లో స్పాటిఫై న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. సోనీ తన వాటాలో సగం అమ్మేసింది. వార్నర్ మొత్తం అమ్ముకుని 50 కోట్ల డాలర్లకు పైగా తెచ్చుకుంది. మెర్లిన్ కూడా అమ్మి, తన సభ్యులకు పంచింది. పాటలు ఇచ్చినందుకు వచ్చిన ఈ సొమ్ములో కళాకారుల భాగం ఎంతన్నది ఒక్కో లేబుల్ ఒక్కో రకంగా తేల్చుకుంది. ఈ సంగతి ఇప్పటి గొడవకు ఎందుకు ముఖ్యమంటే, చెల్లింపుల నిబంధనలు రాసే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఆ కంపెనీలో వాటాదారులు కూడా అయ్యారు.

ఇక 2023. జనవరిలో యూనివర్సల్ అధిపతి లూసియన్ గ్రేంజ్ సిబ్బందికి ఒక లేఖ రాశారు. రోజుకు లక్ష పాటలు వచ్చి పడుతున్నాయి, 31 సెకన్ల ఫైళ్లు అసలైన కళాకారుల డబ్బు తింటున్నాయి, కొత్త పద్ధతి కావాలి అన్నది దాని సారాంశం. 30 సెకన్లు దాటితే ప్లేగా లెక్కిస్తారు కాబట్టి 31 సెకన్ల ఫైళ్లు పుట్టుకొచ్చిన మాట నిజమే. అది నిజమైన బెడద, నేను కాదనను. కానీ ఆ లేఖ తర్వాత పది నెలల్లో వచ్చిన మార్పులు ఆ ఫైళ్ల దగ్గర ఆగలేదు.

సెప్టెంబరులో యూనివర్సల్, ఫ్రాన్స్ స్ట్రీమింగ్ కంపెనీ డీజర్ కలిసి కొత్త పద్ధతి ప్రకటించాయి. నెలకు కనీసం 500 మంది శ్రోతల నుంచి 1,000 ప్లేలు వచ్చే కళాకారుడి ప్లేలకు రెట్టింపు బరువు. నవంబరులో స్పాటిఫై వెయ్యి ప్లేల గీత గీసింది. వెయ్యి ప్లేలే కాదు, కనీసం ఇంతమంది వేర్వేరు శ్రోతలు ఉండాలన్న షరతు కూడా పెట్టింది. మోసాలు జరగకూడదంటూ ఆ సంఖ్యను మాత్రం చెప్పలేదు.

కంపెనీ వాదన ఇదీ. వెయ్యి లోపు ప్లేలున్న పాటలు కోట్లలో ఉన్నాయి, ఒక్కోటి నెలకు సగటున 3 సెంట్లు సంపాదిస్తుంది. డిస్ట్రిబ్యూటర్లు 2 నుంచి 50 డాలర్లు పోగయ్యే దాకా డబ్బు తీసుకోనివ్వరు, బ్యాంకు ఖర్చులూ ఉంటాయి, కాబట్టి ఆ చిల్లర ఎలాగూ కళాకారుడికి చేరదు. అన్ని ప్లేలలో 99.5 శాతం వెయ్యి దాటిన పాటలవే. ఆ డబ్బును కంపెనీ ఉంచుకోదు, అర్హత ఉన్న పాటలకే పంచుతుంది.

సంగీతకారుల జవాబుకు ఎక్కువ చోటు కావాలి, ఎందుకంటే అది వార్తల్లో సరిగా రాలేదు. అలాంటి చిల్లర అంతా కలిపితే ఏడాదికి 4 కోట్ల డాలర్లని స్పాటిఫై స్వయంగా చెప్పింది. అప్పటి మారకం ప్రకారం 330 కోట్ల రూపాయలు. గీతకు కింద ఉన్నవాళ్ల పాటలు విన్నందుకు వచ్చిన డబ్బు గీతకు పైన ఉన్నవాళ్లకు చేరుతోంది. రెండోది, గీత గీసింది కళాకారుడి మీద కాదు, పాట మీద. 12 జానపదాలు రికార్డు చేసి పెట్టిన ఒక గాయకుడికి ఒక్కో పాటకు 900 ప్లేలు వచ్చాయనుకోండి. మొత్తం 10,800 ప్లేలు, రాయల్టీ సున్నా. ఒకే పాట పెట్టి 1,100 ప్లేలు తెచ్చుకున్నవాడికి మాత్రం వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ ఖాతాలో అన్ని పాటల, అన్ని యాప్‌ల డబ్బూ కలిసి పోగవుతుంది కాబట్టి ‘ఎలాగూ చేరదు’ అన్న మాట ఇలాంటివాడి విషయంలో నిలబడదు. చిన్న మొత్తాలు పంపడం ఖర్చనుకుంటే వాటిని జమగా ఉంచి, తగినంత అయ్యాక ఇవ్వొచ్చు. బాకీగా ఉంచడం వేరు, హక్కే లేదనడం వేరు. స్పాటిఫై రెండోది ఎంచుకుంది.

మరో దారి లేకపోలేదు. వినేవాడి డబ్బు వాడు విన్న పాటలకే పంచాలన్న పద్ధతి కోసం డీజర్ 2019లో స్వయంగా ప్రచారం చేసింది. 2021లో ఫ్రాన్స్ జాతీయ సంగీత కేంద్రం ఈ పద్ధతిని లెక్కలేసి చూసింది. అగ్రస్థానంలోని పది మంది కళాకారులకు 17 శాతం దాకా తగ్గుతుందనీ, శాస్త్రీయ సంగీతానికి 24 శాతం పెరుగుతుందనీ తేలింది. బాగా కింద ఉన్నవాళ్లకు మాత్రం ఏడాదికి కొన్ని యూరోలకు మించి పెరగదని కూడా ఆ నివేదికే చెప్పింది. ఈ పద్ధతితో అందరి కష్టాలూ తీరతాయనేవాళ్లు ఆ మాట కూడా చదవాలి. అదే ఏడాది సౌండ్‌క్లౌడ్ అనే స్ట్రీమింగ్ వేదిక సుమారు లక్ష మంది స్వతంత్ర సంగీతకారులకు దీన్ని అమలు చేసింది. అంటే సాంకేతికంగా కుదరనిదేమీ కాదు. 2008 పత్రాల మీద సంతకాలు పెట్టినవాళ్లు ఒప్పుకోవాలి, అంతే.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. 2012 కాపీరైట్ సవరణ చట్టం 31డి సెక్షన్ ద్వారా ప్రసార సంస్థలు చట్టబద్ధ లైసెన్సు తీసుకునే వీలు కల్పించింది. బేరం కుదరకపోయినా అధికార సంస్థ నిర్ణయించిన రేటు కట్టి పాట వాడుకోవచ్చు. ఎయిర్‌టెల్ అప్పట్లో నడిపిన పాటల యాప్ వింక్, టిప్స్ అనే లేబుల్‌తో ధర కుదరక ఈ సెక్షన్‌ను ఆశ్రయించింది. 2019 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు ఇంటర్నెట్ స్ట్రీమింగ్, డౌన్‌లోడ్‌లకు 31డి వర్తించదని తేల్చింది. 2022 అక్టోబరులో డివిజన్ బెంచ్ దాన్నే ఖాయం చేసింది. దానితో ఇంటర్నెట్‌లో పాట రేటు పూర్తిగా బేరం మీదే నడుస్తోంది. పెద్ద కేటలాగ్ ఉన్న టిప్స్ లాంటి లేబుల్‌కు ఇది బలం. సిద్దిపేటలోనో శ్రీకాకుళంలోనో సొంత ఖర్చుతో పాట చేసుకునేవాడికి ప్రభుత్వ రేటూ లేదు, బేరమాడే బలమూ లేదు. డిస్ట్రిబ్యూటర్ పెట్టిన షరతులకు ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ నొక్కడమే అతనికి మిగిలింది.

తెలుగు జానపద చానెళ్లు నడిపేవాళ్లకు గీతలు కొత్త కాదు. 2018 జనవరిలో యూట్యూబ్, 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ లేని చానెళ్లకు ప్రకటనల ఆదాయం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అప్పుడూ చెప్పిన కారణం మోసాలను అరికట్టడమే. ఇప్పుడు ఆ పాటనే స్పాటిఫైలో పెడితే రెండో గీత ఎదురవుతుంది. ఇక్కడ చందాలు తక్కువ, ఉచితంగా వినేవాళ్లు ఎక్కువ. కుప్ప దేశాలవారీగా పోస్తారు కాబట్టి వెయ్యి దాటిన పాటకైనా ప్లేకు వచ్చేది అమెరికా ప్లేతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో వినే తెలుగువాళ్ల ప్లేలు మన స్వతంత్ర గాయకులకు అంత విలువైనవి.

అమెరికాలో సంగీతకారుల సంఘాలు ప్లేకు ఒక సెంటు చొప్పున ఇవ్వాలని 2021లోనే స్పాటిఫై కార్యాలయాల ముందు నిలబడ్డాయి. ఆ కోరికతోనే 2024 మార్చిలో రషీదా త్లైబ్, జమాల్ బోమన్ ప్రతినిధుల సభలో బిల్లు పెట్టారు. చందా మీద అదనపు రుసుము వేసి, ఆ నిధిని కంపెనీలు, లేబుళ్ల చేతిమీదుగా కాకుండా నేరుగా కళాకారులకు పంచాలి, ఒక పాటకు నెలకు పది లక్షల ప్లేల దాకానే లెక్కించాలి అన్నవి అందులోని ప్రధానాంశాలు. ఆ సభ కాలం ముగిసేలోగా అది చట్టం కాలేదు.

ఈలోగా కుప్పలోకి కొత్త వాటాదారు దిగింది. 2025 ఏప్రిల్‌లో తమకు రోజూ వచ్చే పాటల్లో 18 శాతం పూర్తిగా కృత్రిమ మేధ చేసినవని డీజర్ చెప్పింది. నవంబరుకు అది 34 శాతమైంది, అంటే రోజుకు 50 వేల పాటలు. స్పాటిఫై ఒక్క ఏడాదిలో 7.5 కోట్ల స్పామ్ పాటలు తొలగించానంది. వెయ్యి ప్లేల గీత ఇలాంటివాటిని ఆపడానికే అన్నారు. యంత్రంతో పాటలు గుట్టలుగా తయారుచేసి, బాట్లతో, అంటే శ్రోతల్లా నటించే ప్రోగ్రాములతో మోగించేవాడికి పాటకు వెయ్యి ప్లేలు తెచ్చుకోవడం పెద్ద పని కాదు. 900 దగ్గర ఆగిపోయేది నిజంగా గొంతెత్తి పాడినవాళ్ల పాటలే. అలాంటివాళ్లు ఇప్పుడు కోరుతున్నవి రెండు: గీతను పాటకు కాకుండా కళాకారుడికి వర్తింపజేయాలి, వచ్చే ఒప్పందాలు రాసేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ల ద్వారా పాట ఇచ్చేవాళ్ల ప్రతినిధి కూడా ఆ బల్ల దగ్గర ఉండాలి.