చెట్టును చంపేది వానలేమి ఒక్కటేనా?

కరువొస్తే చెట్లు ఎండవా, అందులో చెప్పేదేముంది అంటారు మా చిత్తూరు వైపు. బోర్లు ఎండి, ట్యాంకర్లతో నీళ్లు తోలినా నిలవని మామిడి తోటలను చూసినవాళ్ల మాట అది, కాదనలేం. కానీ మనం ఎప్పుడూ నేలనే చూస్తాం, పైనున్న గాలిని లెక్కలోకి తీసుకోం.

గాలి వేడెక్కేకొద్దీ అందులో పట్టే నీటి ఆవిరి పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 7 శాతం. తిరుపతిలో ఒక రోజు 30 డిగ్రీలు, ఇంకో రోజు 40, తేమ రెండు రోజులూ 30 శాతమే అనుకోండి. ఫోన్‌లో తేమ అంకె చూస్తే తేడా కనపడదు. నిజానికి రెండో రోజు గాలి దాహం, అంటే అది ఇంకా పట్టగల ఆవిరి, దాదాపు 75 శాతం ఎక్కువ! ఆ దాహం తీర్చాల్సింది ఆకులే.

వేర్ల నుంచి నీళ్లు పైకెక్కేది కూడా ఈ లాగుడు వల్లే. ఆకుల్లో నీరు ఆవిరవుతుంటే కాండంలోని సన్నటి గొట్టాల్లో నీటి ధార తెగకుండా పైకి సాగుతుంది. కింద మట్టి నీళ్లివ్వక, పైన వడగాలి గుంజుతూనే ఉంటే ఆ ధార తెగి మధ్యలో గాలి బుడగ చేరుతుంది. గాలి పట్టిన మోటారు ఎంత తిరిగినా నీళ్లు ఎత్తదు కదా, ఆ గొట్టం పనీ అంతే. అలా చాలా గొట్టాలు పోతే కొమ్మలు ఎండుతాయి, ఆ తర్వాత చెట్టే పోతుంది.

చెట్టు చూస్తూ ఊరుకోదు, ఆకుల రంధ్రాలు మూసేస్తుంది. అయితే కార్బన్ డయాక్సైడ్ లోపలికొచ్చేదీ ఆ దారినే, కాబట్టి తిండి తయారీ పడిపోతుంది, పైగా వేడికి దాచుకున్న పిండిపదార్థం త్వరగా ఖర్చవుతుంది. రంధ్రాలు మూసినా ఆకు పైపొర గుండా కాస్త నీరు పోతూనే ఉంటుంది. శేషాచలం ఎర్రచందనం వేసవిలో ఆకులు రాల్చేసి ఈ గొడవ చాలావరకు తప్పించుకుంటుంది, ఏడాదంతా పచ్చగా ఉండే మామిడికి ఆ వీలు లేదు.

వేడి పాత్ర ఎంతో తేల్చడానికి అమెరికాలోని అరిజోనాలో, బయోస్ఫియర్ 2 అనే పెద్ద గాజు కట్టడంలో పినియన్ పైన్ చెట్లకు నీళ్లు ఆపి చూశారు. కొన్నింటిని మామూలు వేడిలో, కొన్నింటిని 4 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంచారు. 2009లో వచ్చిన ఫలితం ప్రకారం ఎక్కువ వేడిలోవి చావడానికి పట్టిన కాలం దాదాపు 28 శాతం తక్కువ. అందుకే మిల్లీమీటర్ల లెక్క తీసి, ఒకప్పుడూ ఇంతే వాన, అప్పుడు బతికిన చెట్లు ఇప్పుడెందుకు చస్తాయి అనే వాదన నాకు మింగుడుపడదు.

పాదులో ఎండుటాకు పరిస్తే మట్టిలో తడి ఇంకొన్నాళ్లు నిలుస్తుంది, మంచిదే. గాలి గుంజుడు మాత్రం దాంతో తగ్గదు, లేత మొక్కలకైతే నీడ కూడా కట్టాలి.