నీటి ఈగ పొట్టలో ప్లాస్టిక్, రాగి: నేను తరచూ వినే అపోహలు

బందరు కాలువలో బకెట్ వేసి నీళ్లు తోడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి, "చేపలకా అండీ?" అని అడుగుతారు. చేపలకు కాదు, చేపపిల్లలు తినే నీటి ఈగల (వాటర్ ఫ్లీ అనే, రొయ్యల కోవకు చెందిన చిన్న జీవుల) కోసం. మోయినా అనే రకం అయితే ఆవగింజ కన్నా చిన్నది. ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి మైక్రోస్కోప్ కింద గుండె కొట్టుకోవడమే కాదు, పేగులో ఏముందో కూడా కనిపిస్తుంది.

అపోహ: ప్లాస్టిక్, లోహం కలిస్తే విషం రెట్టింపే.

ఒక్కోసారి రెట్టింపు కన్నా ఎక్కువ, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఈ మాట చెబితే "ప్లాస్టిక్‌ని వెనకేసుకొస్తున్నారా?" అంటారు. అది కాదు. నీటిలో విడిగా తిరిగే రాగి అయాన్లే (కరిగి, విద్యుదావేశంతో ఉన్న రాగి పరమాణువులే) ఈ జీవికి ప్రధానమైన ముప్పు, ఒంట్లో సోడియం నిలవకుండా చేస్తాయి. ప్లాస్టిక్ ముక్క ఆ అయాన్లను కొంత పట్టేసుకుంటే నీటిలో రాగి తగ్గినట్టే. కానీ నీటి ఈగ నీటిని వడగట్టుకుని తింటుంది. నాచు కణమంత ఉన్నది ఏదైనా చాలావరకు లోపలికే పోతుంది. ముక్కతోపాటు మింగిన లోహం పేగులో ఊడివచ్చిందా, లేదా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

నీటిని బట్టి కూడా మారుతుంది. ఇది కైకలూరు వైపు చేపల రైతులకు తెలిసిన సంగతే. నాచు చావడానికి మైలుతుత్తం (రాగి ఉన్న కాపర్ సల్ఫేట్) వేసేముందు నీటి ఆల్కలినిటీ (క్షారత) చూసుకోమంటారు. అది తక్కువున్న చెరువులో అదే మోతాదు చేపల్ని చంపేయగలదు. రాగి మారలేదు, నీరు మారింది.

అపోహ: ల్యాబ్‌లో వాడే ప్లాస్టిక్, కాలువలో ప్లాస్టిక్ ఒకటే.

ల్యాబ్‌లో వాడే కొత్త ప్లాస్టిక్ పూసలు నున్నగా ఉంటాయి. మన ఎండలో నెలల తరబడి నానిన కవరు ముక్క పగుళ్లు బారి, పైన పాకుడు పట్టి ఉంటుంది. లోహం దీనికే ఎక్కువ అంటుకుంటుంది. అందుకే కొత్త పూసలతో చేసిన ప్రయోగాన్ని చూసి కాలువ గురించి తీర్పు చెప్పడం నాకు నచ్చదు.

అపోహ: ప్లాస్టిక్ ఒక చోటు నుంచి, లోహం ఇంకో చోటు నుంచి వస్తాయి.

బెంజి సర్కిల్ దగ్గర మొదటి వాన పడ్డాక రోడ్డు మీద పారే నల్లటి నీళ్లు చూడండి. టైర్ల నుంచి రాలే పొడినీ మైక్రోప్లాస్టిక్‌గానే (చిన్న ప్లాస్టిక్ ముక్కలుగానే) లెక్కిస్తారు. రబ్బరు తయారీలో కలిపే జింక్ అందులోనే ఉంటుంది. రెండూ ఒకే ముక్కలో డ్రైన్‌లోకి దిగుతాయి.

అపోహ: నీటి పరీక్ష రిపోర్టులో లోహాలు తక్కువుంటే టెన్షన్ లేదు.

ఆ అంకె దేనిదో చూడండి. 'కరిగిన లోహం' అని ఉంటే, నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టాక తేలిన లెక్క అది. ముక్కలకు అంటుకున్నది ఫిల్టర్ మీదే ఉండిపోయింది. నీటి ఈగ మింగేది ఆ ముక్కల్నే.

అపోహ: పరీక్షలో నీటి ఈగ 48 గంటల్లో చావకపోతే ఏమీ కానట్టే.

48 గంటలది తక్షణ పరీక్ష, అంతే. డాఫ్నియా అనే ఇంకో రకం నీటి ఈగకు 21 రోజుల పరీక్ష వేరే ఉంది, అందులో పుట్టిన పిల్లల్ని లెక్కపెడతారు. పేగు ప్లాస్టిక్‌తో నిండితే నాచుకు చోటుండదు, తిండి తగ్గితే గుడ్లు తగ్గుతాయి. తల్లి మాత్రం చక్కగా ఈదుతూనే ఉంటుంది. చేపపిల్ల వదిలిన నర్సరీ చెరువులో రైతు గాజు గ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకి పట్టి చూసేది కూడా ఈ నీటి ఈగల సంఖ్యే.