"ఒడిశా కుర్రాళ్లకి దెబ్బలు తగలవండి" అనే మేనేజర్ గారికి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో సేఫ్టీ క్లాసులు చెప్పడం నా పని. ఎక్కడికెళ్లినా ముందు యాక్సిడెంట్ రిజిస్టర్ అడుగుతాను. చాలాచోట్ల ఒకటే జవాబు: "మన ఊళ్ల ఆడవాళ్లకే చిన్నాచితకా తెగుతుంటాయండి. ఒడిశా, బీహార్ కుర్రాళ్లు గట్టివాళ్లు. చూడండి, ఏడాది మొత్తంలో వాళ్ల పేరు ఒక్కటి లేదు." పోయిన వారం మళ్లీ విన్నాను. ఇక ఓపిక లేదు.

అపోహ: బయటి నుంచి వచ్చిన కూలీలకి దెబ్బలు తక్కువ.
వాస్తవం: రిజిస్టర్‌లోకి ఎక్కేవి తక్కువ.

మన ఊరి మనిషి వేలికి ముల్లు గుచ్చుకున్నా సూపర్‌వైజర్‌కి చెబుతుంది. పట్టించుకోకపోతే నిలదీస్తుంది, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మరి బయటి కుర్రాళ్లు ఎక్కడ పని చేస్తున్నారో చూశారా? ఐస్ క్రషర్ దగ్గర, కోల్డ్ స్టోరేజీలో, అర్ధరాత్రి లోడింగ్‌లో. ప్రమాదం ఉన్న పనులన్నీ వాళ్లకిచ్చి, దెబ్బలు మాత్రం ఆడవాళ్లు రొయ్యలు ఒలిచే పీలింగ్ టేబుల్ దగ్గరే తగులుతున్నాయంటే నేనెలా నమ్మాలి?

కొన్నేళ్ల కిందట ఒక ప్లాంటులో క్లాసు చెబుతుంటే ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన కుర్రాడొకడు ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యడు. తియ్యమంటే తీశాడు. రెండు వేళ్లకి లుంగీ ముక్క చుట్టి ఉంది, వాసన వస్తోంది. క్రషర్‌లో ఐసు గడ్డ ఇరుక్కుంటే చెయ్యి పెట్టి లాగాడట. పనిలో చేరి అప్పటికి మూడో రాత్రి. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అతనుండే గది కూలీల్ని తెచ్చే మేస్త్రిది, తీసుకున్న అడ్వాన్సు మేస్త్రిది, వచ్చిన రైలు టికెట్టూ మేస్త్రి కొన్నదే. చెయ్యి చూపిస్తే పనితో పాటు ఆ రాత్రి పడుకునే చోటు కూడా పోతుందని భయం. చివరికి ఒక వేలి కొస తీసెయ్యాల్సి వచ్చింది. "తాగి ఉంటాడండి" అన్నాడు సూపర్‌వైజర్. నాకు ఒళ్లు మండింది.

ఇది మన దగ్గరే కాదు. కెనడాలో 2009లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఆ దేశానికి వచ్చి ఐదేళ్లు దాటని మగవాళ్లలో డాక్టర్ దాకా వెళ్లాల్సిన పని గాయాలు అక్కడే పుట్టినవాళ్ల కంటే సుమారు రెట్టింపు. అక్కడి పరిశోధకులే చెప్పిన ఇంకో మాట: ఎవరైనా సరే, కొత్త పనిలో మొదటి నెల ప్రమాదం ఏడాది దాటినవాళ్ల కంటే మూడు రెట్లు ఎక్కువ. మన కుర్రాళ్లు సీజన్‌కో ప్లాంటు మారతారు. వాళ్లకి ఎప్పుడూ మొదటి నెలే.

దెబ్బ దాచుకోవడం నేను మా ఇంట్లోనే చూశాను. మా బాబాయి మస్కట్‌లో పరంజా మీంచి పడ్డాడు. ఉత్తరాల్లో మాత్రం "ఇక్కడ అంతా క్షేమం" అనే రాసేవాడు. సెలవుకొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద కలపడానికి వేళ్లు ముడుచుకోలేదు. మా పిన్నికి అప్పుడు తెలిసింది. కోనసీమలో ఇలాంటి కథ లేని వీధి ఉందా?

క్లాసులో హిందీలో "సమ్‌ఝే?" (అర్థమైందా?) అని అడగడం మానేశాను. అడిగితే అందరూ తల ఊపుతారు, సగం మందికి ఏమీ అర్థమవదు. ఇప్పుడు చేసి చూపించమంటాను: మెయిన్ ఆఫ్, దానికి తాళం, తాళంచెవి తన జేబులో, ఆ తర్వాతే చెయ్యి. చూపించినవాడికే క్రషర్ పని. ప్రమాదం కనబడితే ఆ కుర్రాళ్లకి అర్థమయ్యేలా "బంద్ కరో" (ఆపెయ్) అని అరవడం మన ఆడవాళ్లకి కూడా నేర్పించాను. ఒక ప్లాంటులో హాలంతా కలిసి ఎంత గట్టిగా అరిచారంటే, నిజంగానే కన్వేయర్ ఆపేశారు.

మిగతావి గబగబా. "మేస్త్రి మనిషి కదా, మాకేం సంబంధం" అంటారు. సంబంధం ఉంది. పాత 1923 పరిహార చట్టంలోనూ, 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ కాంట్రాక్టర్ మనిషికి దెబ్బ తగిలితే పరిహారం అసలు యజమాని దగ్గర అడగవచ్చు. తర్వాత మేస్త్రి దగ్గర వసూలు చేసుకోవడం ఆయన తంటా. "చేరి వారమే, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) రాదు" అన్నదీ తప్పే. పని గాయానికి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలనే షరతు లేదు. పనికి వెళ్లలేని రోజులకి జీతంలో 90 శాతం ఇస్తారు. ఈఎస్ఐ నంబర్ వేరే రాష్ట్రంలో తీసుకున్నదైనా ఇక్కడా చెల్లుతుంది. కోల్డ్ స్టోరేజీ చల్లబరిచే అమ్మోనియా గ్యాసు వాసన వస్తే గాలి ఎటు పోతోందో అటే పరిగెత్తకండి, గాలికి అడ్డంగా పక్కకి వెళ్లండి. రొయ్య ముల్లు గుచ్చుకుని వాపు పాకుతుంటే పసుపు రాసి కూర్చోకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్ల నుంచి నాకు ఫోన్లు వస్తుంటాయి: "అక్కడ ఏదైనా జరిగితే పైసా రాదంట కదండీ?" కంగారు పడకండమ్మా. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సినది) మీద, ఆ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వెళ్లినవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యంతో ఉద్యోగం పోయినా 10 లక్షలు. ఏజెంట్ విజిట్ వీసా మీద విమానం ఎక్కించినవాళ్లకి మాత్రం ఇది ఉండదు. మీవాడు ఏ వీసా మీద వెళ్లాడో ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడే అడగండి. పాలసీ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి.