ఫోన్‌తో వీఆర్: అపోహలు - వాస్తవాలు

ఫోన్ వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే మన చుట్టూ ఉన్నట్టే కనిపించే కృత్రిమ దృశ్యం) యాప్‌లు రాయడం, ఫోన్‌ను హెడ్‌సెట్‌లో పెట్టి సినిమాలు చూడాలనుకునేవాళ్లకు, పీసీ గేమ్స్ ఆడాలనుకునేవాళ్లకు అన్నీ సెట్ చేసి ఇవ్వడం నా పని. "కళ్లు తిరుగుతున్నాయి", "అంతా మసకగా ఉంది" అంటూ వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్లు నిక్షేపంగా ఉంటాయి. ఆ ఫోన్ ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే ఎవరూ చెప్పకపోవడం వల్లే వాళ్లకు ఇబ్బంది వస్తోంది. నేను పదేపదే వినే మాటలు ఇవి.

అపోహ: ఏ స్మార్ట్‌ఫోన్ అయినా సరిపోతుంది.

సరిపోదు. గైరోస్కోప్ ఉండి తీరాలి. తల ఎటు తిరిగింది, ఎంత వేగంగా తిరిగింది అన్నది కొలిచేది అదే. దాదాపు ప్రతి ఫోన్‌లో ఉండే యాక్సిలరోమీటర్‌కు భూమి ఏ వైపు ఉందో తెలుస్తుంది. కాబట్టి తల పైకెత్తినా దించినా పసిగడుతుంది, పక్కకు తిప్పితే మాత్రం దానికి తెలియదు. కొన్ని చవక ఫోన్లలో అసలు గైరోస్కోప్ ఉండదు. మిగతా సెన్సర్ల లెక్కలతో దాన్ని అనుకరిస్తారు. అలాంటి ఫోన్‌లో దృశ్యం వణుకుతూ, తల వెనకాల ఆలస్యంగా వస్తుంది. హెడ్‌సెట్ కొనకముందే ఒక సెన్సర్ టెస్ట్ యాప్ వేసి చూసుకోండి.

అపోహ: ఖరీదైన హెడ్‌సెట్ కొంటే బొమ్మ బాగుంటుంది.

ఫోన్ పెట్టుకునే హెడ్‌సెట్లలో చాలావాటిలో ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండవు. రెండు లెన్సులు, ఒక పెట్టె, ఒక పట్టీ, అంతే. 2014లో గూగుల్ తెచ్చిన కార్డ్‌బోర్డ్ పేరుకు తగ్గట్టు అట్టపెట్టే. 2015లో మార్కెట్‌లోకి వచ్చిన శాంసంగ్ గేర్ వీఆర్‌ది వేరే దారి. దానిలో సొంత సెన్సర్లు ఉండేవి, అందుకే తల కదలికను అంత చక్కగా పట్టేది.

మీరు చూడాల్సింది లెన్సులు జరుపుకునే వీలు ఉందా లేదా అని. పెద్దవాళ్లలో కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. మీది 57 అయి, లెన్సులు కదలనివైతే ఎంత సర్దుకున్నా మసకే, తలనొప్పే. ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: పెట్టె మీద ఉండే క్యూఆర్ కోడ్. మీ లెన్సులు బొమ్మను ఎంత వంచుతాయో యాప్‌కు చెప్పేది అదే. దాన్ని స్కాన్ చేయకపోతే తిన్నని గోడలు కూడా వంగి కనిపిస్తాయి.

అపోహ: 4కే వీడియో పెడితే స్పష్టంగా కనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 360 డిగ్రీల 4కే వీడియోలో 3840 పిక్సెల్స్ మీ చుట్టూ పరుచుకుని ఉంటాయి. మీ ముందు కనిపించే 90 డిగ్రీలకు వచ్చేవి 960 మాత్రమే, అంటే డిగ్రీకి పది పైచిలుకు. మామూలు చూపున్న కన్ను డిగ్రీకి సుమారు 60 వరకు గుర్తించగలదు. మసక ఎందుకో ఇక్కడే తెలిసిపోతుంది.

వర్చువల్ థియేటర్‌దీ ఇదే కథ. అడ్డంగా ఒక్కో కంటికి 1080 పిక్సెల్స్ దక్కే ఫోన్‌లో వాటిని 90 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 12. తెర 50 డిగ్రీల వెడల్పుంటే సినిమా మొత్తానికి దక్కేది 600 పిక్సెల్స్. అందుకే అలాంటి ఫోన్‌లో 720పీ కన్నా ఎక్కువ పెట్టవద్దంటాను. తేడా కనిపించదు, ఫోన్ వేడి మాత్రం తగ్గుతుంది. సబ్‌టైటిల్స్ మీద ఆధారపడే సినిమాలు దీనిలో చూడకండి, అక్షరాలు చదవలేక కళ్లు అలసిపోతాయి.

అపోహ: పీసీ నుంచి స్ట్రీమ్ చేస్తే అసలు హెడ్‌సెట్‌తో ఆడినట్టే ఉంటుంది.

ఎక్కువమందిని నిరాశపరిచేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఫోన్‌కు తల తిప్పడం తెలుస్తుంది, తల జరగడం తెలియదు. మీరు ముందుకు వంగితే మీ చెవిలోని సమతౌల్య వ్యవస్థ "కదిలాం" అంటుంది, కళ్లేమో "లేదు" అంటాయి. ఆ గొడవే వికారం. ఫోన్ కెమెరాతో మీరున్న చోటును కూడా కనిపెట్టే యాప్‌లు లేకపోలేదు. వాటికి పెట్టె ముందు మూత తీసి కెమెరాకు దారి ఇవ్వాలి, ఫోన్ కూడా తొందరగా వేడెక్కిపోతుంది.

రెండోది ఆలస్యం. తల తిప్పిన క్షణం నుంచి బొమ్మ మారే వరకు 20 మిల్లీసెకన్లు దాటకూడదన్నది ఈ రంగంలో అందరూ పెట్టుకునే లక్ష్యం. 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే) స్క్రీన్‌పై ఒక్క ఫ్రేమ్‌కే దాదాపు 17 పోతాయి. పీసీ బొమ్మ గీయాలి, కుదించాలి, వైఫైలో పంపాలి, ఫోన్ దాన్ని విప్పాలి. ఇవన్నీ 20లో ఇమడవు. అందుకే మంచి యాప్‌లు బొమ్మను స్క్రీన్‌పై వేసే చివరి క్షణంలో, గైరోస్కోప్ తాజా రీడింగ్ ప్రకారం దాన్ని కాస్త జరిపి చూపిస్తాయి. తల తిప్పడం హాయిగా ఉంటుంది, చేతితో నొక్కిన బటన్ మాత్రం ఆలస్యంగానే తెలుస్తుంది. పీసీ స్క్రీన్‌ను ఉన్నది ఉన్నట్టు రెండుగా చీల్చి పంపే యాప్‌లలో ఆ జరపడం కూడా ఉండదు.

కాబట్టి నేను సూచించేవి కూర్చుని ఆడేవి: కార్ రేసింగ్, విమానం నడిపేవి, అంతరిక్ష నౌకలవి. చేతిలో గేమ్‌ప్యాడ్, చుట్టూ కాక్‌పిట్, తల తిప్పితే పక్క అద్దం. వీటిలో ఫోన్ నిజంగా అద్భుతంగా ఉంటుంది. రెండు చేతులతో కత్తి తిప్పే ఆటల్ని అసలు మొదలుపెట్టకండి.

అపోహ: నెట్ ప్లాన్ మారిస్తే లాగ్ పోతుంది.

మీ పీసీ నుంచి మీ ఫోన్‌కు వెళ్లే డేటాకు నెట్ ప్లాన్‌తో పనే లేదు. పీసీని రౌటర్‌కు కేబుల్‌తో కలపండి, ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి, అదే గదిలో కూర్చోండి. యాప్ ఒప్పుకుంటే యూఎస్‌బీ కేబుల్ ఇంకా నయం.

అపోహ: వికారం వచ్చినా ఓర్చుకుంటే అలవాటైపోతుంది.

దయచేసి అలా చేయకండి. మొదటి అసౌకర్యం కలగగానే తీసేయాలి. బలవంతంగా కొనసాగించినవాళ్లకు గంటల తరబడి తల దిమ్ముగా ఉండటం చూశాను. మొదటి వారం పది నిమిషాలు చాలు. మెరిసే వెలుగులతో మూర్ఛ వచ్చే చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా పెట్టుకోవద్దు. చిన్నపిల్లల విషయంలో తయారీదారు రాసిన వయసు పరిమితిని పాటించండి. గేర్ వీఆర్‌కు అది 13 ఏళ్లు.

అపోహ: ఫోన్ వీఆర్ కథ ముగిసిపోయింది.

పెద్ద కంపెనీలు తప్పుకున్న మాట నిజం. గూగుల్‌దే మరో ఫోన్ వీఆర్ వేదిక డేడ్రీమ్ 2016లో వచ్చి 2019లో ఆగిపోయింది. కార్డ్‌బోర్డ్ అమ్మకాన్ని గూగుల్ 2021లో ఆపేసింది. కానీ 2019లోనే కార్డ్‌బోర్డ్ కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టింది. నాలాంటివాళ్లం దాని మీదే ఇంకా పనిచేస్తున్నాం.

ఇక ఆడటం అయ్యాక హెడ్‌సెట్‌ను కిటికీ దగ్గర పెట్టవద్దు. లెన్సులు భూతద్దాల్లాంటివి. ఎండ వాటిలోంచి పడితే లోపలున్న ఫోన్ స్క్రీన్ కాలి, శాశ్వతంగా మచ్చ మిగిలిపోతుంది. ఫోన్ బయటికి తీసేయండి, లెన్సుల మీద ఒక గుడ్డ కప్పండి.