మానేసిన తర్వాత మళ్లీ ఒక గ్లాసు

మద్యం మానేసిన మనిషి ఒంట్లోంచి ఆల్కహాల్ ఒకటి రెండు రోజుల్లోనే పూర్తిగా వెళ్లిపోతుంది. చేతుల వణుకు, చెమటలు, కంగారు వారం పది రోజుల్లో సద్దుమణుగుతాయి. ఇక శరీరం మద్యం కోసం అల్లాడే పరిస్థితి ఉండదు. అయినా చాలామంది ఆ తర్వాతే మళ్లీ గ్లాసు పట్టుకుంటారు. 1971లో హంట్, బార్నెట్, బ్రాంచ్ అనే ముగ్గురు పరిశోధకులు మద్యం, సిగరెట్, హెరాయిన్ మాన్పించే చికిత్సల ఫలితాలను ఒకే గ్రాఫు మీద గీసి చూశారు. మూడు గీతలూ ఇంచుమించు ఒకే ఆకారంలో వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే ఆ పని చేశారు. అక్కడి నుంచి గీత నెమ్మదిగా చదునైంది. మూడు పదార్థాల రసాయనం వేరు, మెదడు మీద అవి పనిచేసే తీరు వేరు. పడిపోయే తీరు మాత్రం ఒకటే. కారణాన్ని సీసాలో కన్నా, దానికి అలవాటుపడిన మెదడులో వెతకాలని ఆ గీతలు చెబుతున్నాయి.

మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది, గ్లుటమేట్ అనే మరో రసాయనం దాన్ని పెంచుతుంది. మద్యం మొదటిదానికి బలమిచ్చి రెండోదాన్ని అణుస్తుంది. నెలల తరబడి రోజూ ఇదే జరిగితే మెదడు సమతూకం కోసం ఎదురు సర్దుబాటు చేసుకుంటుంది. గాబాకు స్పందన తగ్గించి, గ్లుటమేట్‌కు పెంచుతుంది. మద్యం హఠాత్తుగా ఆగిన రోజున ఆ సర్దుబాటు ఒక్కటే మిగులుతుంది, నాడీకణాల ఉద్రేకం పెచ్చరిల్లుతుంది. చివరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే వణుకు, గుండెదడ మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో మూర్ఛ వస్తుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే ప్రాణాంతక స్థితి రావచ్చు. అప్పుడు లేని మనుషులు కనిపిస్తారు, ఎక్కడ ఉన్నదీ తెలియదు, జ్వరం వస్తుంది. రోజూ బాగా తాగేవారు వైద్య పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మానకూడదని చెప్పేది ఇందుకే. బయటివారికి అంతగా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. మానడం, తిరిగి తాగడం, మళ్లీ మానడం పదేపదే జరిగితే ఈ దశ మునుపటికన్నా తీవ్రంగా రావచ్చు. 1978లో బాలెంజర్, పోస్ట్ అనే వైద్యులు ఈ ధోరణిని వివరించారు. పోయినసారి ఇంట్లోనే ఏ ఇబ్బందీ లేకుండా మానేశాను కదా అనే ధైర్యాన్ని నమ్ముకోకూడదు.

ఇదంతా మొదటి వారం మాట. ఆ తర్వాత వచ్చే నెలల గురించే మనం తక్కువ మాట్లాడుకుంటాం.

ఇంట్లో అందరూ ఆనందంగా ఉంటారు. తాగుడు మానేశాడు, ముఖంలో కళ వచ్చింది అంటారు. మానేసిన మనిషికి మాత్రం ఏదీ రుచించదు. మెదడులో సంతోషాలకు స్పందించే డోపమైన్ వ్యవస్థ ఏళ్లపాటు మద్యంతో పదేపదే ఉప్పొంగి, ఇప్పుడు మందగించి ఉంటుంది. భోజనం, కబుర్లు, పిల్లల నవ్వు వంటి మామూలు సంతోషాలు దాన్ని కదిలించలేవు. మరోవైపు ఒత్తిడికి స్పందించే వ్యవస్థ అతిగా పనిచేస్తూ ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త జార్జ్ కూబ్ దశాబ్దాలుగా చూపిస్తూ వచ్చింది ఇదే. వ్యసనం ముదిరాక మనిషి తాగేది సుఖం కోసం కన్నా, లోపల కుదురులేని ఆ బాధ నుంచి కాసేపు తప్పించుకోవడానికే ఎక్కువ. నిద్ర సంగతి మరీ ఘోరం. మానేసిన తర్వాత కూడా నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, పట్టినా తెగిపోవడం మామూలే. నిద్ర సరిగా లేనివారిలో వ్యసనం తిరగబెట్టే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ సంగతి ముందే తెలియని మనిషి ఏమనుకుంటాడు? తాగినప్పుడే నయం, మానేస్తే బతుకు ఇంత చప్పగా ఉంటుందా అనుకుంటాడు. చికిత్స మొదటి రోజునే వైద్యులు, కుటుంబం, తోటివారు అతనికి చెప్పాల్సిన మాట ఒకటుంది: ఇది నీ కొత్త జీవితపు అసలు రుచి కాదు, కోలుకుంటున్న మెదడు తాత్కాలిక స్థితి. ఇది మారుతుంది. తాగకుండా ఉన్న కొద్దీ కుంచించుకుపోయిన మెదడు భాగాల పరిమాణం కొంతవరకు తిరిగి పెరగడం స్కానింగుల్లో కనిపించింది. ఆ మెరుగుదల మొదటి వారాల్లోనే వేగంగా ఉంటుంది.

ఈ బాధ తగ్గాక కూడా మిగిలేది జ్ఞాపకం. 1940ల్లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో మత్తుమందులకు బానిసలైనవారికి చికిత్స చేసే ఆస్పత్రిలో ఏబ్రహాం విక్లర్ అనే వైద్యుడు ఒక విచిత్రాన్ని గమనించాడు. మత్తుమందు మానేసి చాలాకాలమైన రోగులు కలిసి కూర్చుని ఆ మందు గురించి మాట్లాడుకుంటుంటే వారికి ఆవలింతలు వచ్చేవి, కళ్లు ముక్కు కారేవి. అవి ఆ మందు మానిన మొదటి రోజుల్లో ఉండే లక్షణాలు. ఒంట్లో మందు లేదు, మాట ఒక్కటే ఉంది. తిండికి ముందు గంట విని విని, చివరికి ఉత్త గంట మోగినా నోరూరే పావ్‌లోవ్ కుక్క కథ మనకు తెలిసిందే. మద్యం విషయంలో ఆ గంట ఎక్కడైనా ఉండవచ్చు. ఒక వాసన, ఒక సాయంత్రపు వేళ, ఒక స్నేహితుడి గొంతు, జీతం అందిన రోజు, ఇంట్లో జరిగిన గొడవ, ఏదైనా చాలు. ఆలోచన పుట్టేలోపే యావ పుడుతుంది.

మానేయడం వల్ల ఈ పాఠం చెరిగిపోదా? చెరగదు. జ్ఞాపకాల మీద పనిచేసిన మార్క్ బౌటన్ వంటి మనస్తత్వవేత్తలు తేల్చిన ముఖ్య విషయం ఇది. పాత అలవాటు మీద కొత్త అలవాటు వచ్చి కూర్చుంటుంది తప్ప పాతది అడుగున అలాగే ఉంటుంది. ఈత నేర్చిన మనిషి ఇరవై ఏళ్ల తర్వాత నీళ్లలోకి దిగినా చేతులు వాటంతటవే ఆడినట్టు, పరిస్థితి ఎదురైతే పాత అలవాటు పైకి వస్తుంది. పైగా కొత్త పాఠం నేర్చిన చోటికే అతుక్కుని ఉంటుంది. చికిత్స కేంద్రంలో ఒక్కసారి కూడా యావ కలగని మనిషికి, ఇంటికి వచ్చి పాత వీధిలో అడుగుపెట్టగానే నాలుక పీకడం మొదలవుతుంది. అతను అబద్ధం చెప్పలేదు. అక్కడ నేర్చినది ఇక్కడ మళ్లీ నేర్చుకోవాల్సి ఉంది, అంతే. మద్యానికి అలవాటుపడిన ఎలుకలకు కొన్నాళ్లు దాన్ని ఆపి మళ్లీ ఇస్తే, అవి కొంతకాలం మునుపటికన్నా ఎక్కువ తాగుతాయని 1960ల చివరలోనే డేవిడ్ సింక్లెయిర్ చూపించాడు. ఎలుకకు మాట తప్పడమంటే ఏమిటో తెలియదు, సంకల్పబలం లేదని దాన్ని ఎవరూ నిందించరు.

మనిషికి మాత్రం మాట తప్పడమంటే ఏమిటో తెలుసు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త ఉండేవాడు. ఒక్క గ్లాసు గొంతు దిగితే చాలు, ఇక రసాయనమే మనిషిని నడిపిస్తుంది, ఆగడం అతని చేతిలో ఉండదని అప్పట్లో గట్టి నమ్మకం. దాన్ని పరీక్షించడానికి 1973లో ఆయన తన సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. మద్యానికి బానిసలైన కొందరికి టానిక్ అనే చేదు సోడాలో వోడ్కా కలిపి ఇచ్చి, ఇందులో మద్యం లేదన్నారు. మరికొందరికి ఉత్త టానిక్ ఇచ్చి, ఇందులో వోడ్కా ఉందన్నారు. రుచి చూసి చెప్పమన్న నెపంతో ఎవరెంత తాగుతారో కొలిచారు. ఎక్కువ తాగినది వోడ్కా ఉందని నమ్మినవారు. నిజంగా వోడ్కా ఉందా లేదా అన్నది పెద్ద తేడా తేలేదు. ఇది ప్రయోగశాలలో కాసేపు, కొద్ది మోతాదుతో జరిగిన పరీక్ష. కాబట్టి మానేసినవారు ఒక గ్లాసు తాగినా పరవాలేదని దీనికి అర్థం చెప్పుకోకూడదు. వ్యసనం ముదిరినవారికి పూర్తిగా దూరంగా ఉండటమే క్షేమం. కానీ మొదటి గ్లాసుకూ పదో గ్లాసుకూ మధ్య రసాయనంతో పాటు ఒక నమ్మకం కూడా పనిచేస్తుందని ఆ ప్రయోగం తేల్చింది.

ఆ నమ్మకం ఏమిటో 1985లో మార్లాట్, జుడిత్ గోర్డన్ విడమరిచి చెప్పారు. మానేసిన మనిషి ఎప్పుడో ఒకసారి తడబడతాడు. ఆ తడబాటును అతను తనకు ఎలా వివరించుకుంటాడన్నది తర్వాతి కథను చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ సాయంత్రం ఆ పెళ్లికి వెళ్లకుండా ఉండాల్సింది, వెళ్లినా ఒంటరిగా వెళ్లకూడదు అనుకునేవాడికి ఆగడానికి వీలుంది. నేనింతే, నా వల్ల కాదు, ఇన్నాళ్ల కష్టం మట్టిపాలైంది అనుకునేవాడికి రెండో గ్లాసును ఆపడానికి కారణమే మిగలదు. సిగ్గు అనేది బాధ. బాధ పుడితే తాగాలని అతని మెదడు ఏళ్లుగా నేర్చుకుని ఉంది. కాబట్టి తాగినందుకు కలిగిన సిగ్గే మళ్లీ తాగడానికి కారణమవుతుంది. ఇలా ఒక రాత్రి తప్పు వారాల మునకగా మారుతుంది.

అందుకే ఒట్లు వేయించడం మీద నాకు నమ్మకం లేదు. పిల్లల తల మీద ఒట్టు, దేవుడి ముందు ఒట్టు వేయించేవారి ఉద్దేశం ప్రేమే. కానీ ఒట్టులో తడబాటుకు చోటు లేదు. ఉంటే పూర్తిగా నిలబడాలి, లేదా ద్రోహివి కావాలి. మొదటి గ్లాసు తాగిన రాత్రి ఇంటికి ఫోను చేసి నిజం చెప్పాల్సిన మనిషి, ఒట్టు తప్పినందుకు ముఖం చూపించలేక ఇంకో చోటికి వెళ్లి తాగుతాడు. ఇంట్లోవారు నోరు వాసన చూడటం, జేబులు వెతకడం కన్నా, తడబడిన రోజున ఎవరికి చెప్పాలి, ఎక్కడికి వెళ్లాలి అన్నది ముందే కలిసి కూర్చుని అనుకోవడం ఎంతో మేలు చేస్తుంది. చికిత్సకు ఒప్పుకోని వ్యక్తుల కుటుంబాలపై 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. తాగనప్పుడు ఆదరించడం, తాగినప్పుడు పోట్లాడకుండా పక్కకు తప్పుకోవడం నేర్చుకున్న కుటుంబాల్లో నూటికి 64 మంది చికిత్సకు వచ్చారు. అందరూ కూడి ఒక్కసారిగా నిలదీసే పద్ధతిలో 30 మందే వచ్చారు.

మునక గ్లాసుతో మొదలు కాదని కూడా మార్లాట్ చూపించాడు. ఆయన బృందం పరిశీలించిన సంఘటనల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా మూడు కారణాలే ఉన్నాయి: కోపం, దిగులు, విసుగు వంటి భావాలు, ఎవరితోనైనా గొడవ, తాగమని తోటివారి బలవంతం. వీటికన్నా ముందు, చూడటానికి ఏ సంబంధమూ లేనట్టుండే చిన్న నిర్ణయాలు ఉంటాయి. దగ్గరి దారి అని పాత బారు ఉన్న వీధిలోంచి నడవడం, చుట్టాల కోసమని ఇంట్లో ఒక సీసా ఉంచడం అలాంటివే. యావ పుట్టినప్పుడు అది పెరుగుతూనే పోతుందనిపిస్తుంది. నిజానికి లొంగకుండా ఉంటే అది ఒక స్థాయికి చేరి, సాధారణంగా అరగంట లోపు తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట ఎక్కడ, ఎవరితో గడపాలో తెలిసి ఉండటమే చాలావరకు కౌన్సెలింగ్ నేర్పేది.

మందులూ ఉన్నాయి. వాటిని వాడుతున్నవారు మాత్రం చాలా తక్కువ. అందరికీ తెలిసిన డైసల్ఫిరాంను మద్యానికి విరుగుడుగా 1948లో కోపెన్‌హాగెన్‌లో హాల్డ్, యాకబ్సన్ వెలుగులోకి తెచ్చారు. అది మద్యం విరిగే క్రమాన్ని మధ్యలో ఆపేస్తుంది. దాంతో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం ఒంట్లో పేరుకుని ముఖం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ వస్తాయి. తెలియకుండా అన్నంలో కలిపి పెడితే ఈ మందు ప్రాణం తీయగలదు, ఎవరూ ఎన్నడూ ఆ పని చేయకూడదు. మద్యం వ్యసనానికి 1994లో అమెరికాలో అనుమతి పొందిన నాల్ట్రెక్సోన్ తాగినప్పుడు కలిగే హాయిని తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ గ్లుటమేట్ వ్యవస్థను కుదుటపరుస్తుందని భావిస్తున్నారు. 2023లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, అకాంప్రోసేట్ వాడిన సుమారు 11 మందిలో ఒకరు ఆ మందు వల్లే తాగుడుకు తిరిగి వెళ్లకుండా నిలబడ్డారు. ఇది చిన్న సంఖ్య అనిపించవచ్చు. రోజూ వాడే చాలా మందులు ఈపాటి ఫలితం కూడా ఇవ్వవు. కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసి ఏది సరిపోతుందో వైద్యుడు నిర్ణయించాలి.

2000లో మెక్‌లెల్లన్, ఆయన సహచరులు మత్తు పదార్థాల వ్యసనాలను ఇతర దీర్ఘకాల వ్యాధులతో పోల్చారు. చికిత్స తర్వాత ఏడాదిలో నూటికి 40 నుంచి 60 మందిలో వ్యసనం తిరగబెట్టింది. అధిక రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో ఆ సంఖ్య 50 నుంచి 70. రక్తపోటు మళ్లీ పెరిగిందని వచ్చిన రోగికి వైద్యుడు మోతాదు మారుస్తాడు. తాగి వచ్చిన రోగికి చాలాచోట్ల ఇంకా చీవాట్లే దొరుకుతున్నాయి. ఇది అన్యాయం, పైగా హానికరం.

మద్యం, మత్తు పదార్థాల సమస్య నుంచి బయటపడినవారిని అమెరికాలో అడిగి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, అందుకు పట్టిన గట్టి ప్రయత్నాలు సగటున ఐదు పైచిలుకు. కానీ ఎన్నోసార్లు పడి లేచిన కొద్దిమంది ఆ సగటును పైకి లాగారు. అందరినీ వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉండే మధ్యస్థ సంఖ్య రెండే. దశాబ్దాలపాటు వందలాది పురుషులను గమనించిన జార్జ్ వైలంట్, ఐదేళ్లు తాగకుండా గడిపినవారిలో తిరిగి పడిపోవడం అరుదని చూశాడు.

నిన్న రాత్రి తాగినవారు ఈ ఉదయం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఒక్క పూటే అయితే అక్కడితో ఆపి, నమ్మకమైన మనిషికి ఈరోజే చెప్పాలి. రోజుల తరబడి సాగి ఉంటే హఠాత్తుగా ఆపకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మానేసిన కాలంలో ఒంటికి తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి, పాత మోతాదు ఇప్పుడు మరింత ప్రమాదకరం. వైద్యుడి దగ్గర ఎంత తాగారో, చివరి గ్లాసు ఎప్పుడో, మునుపు మానినప్పుడు మూర్ఛ వచ్చిందో లేదో దాచకూడదు. తాగకుండా ఎన్నాళ్లు ఉన్నారో, ఆ రోజుల్లో నిద్ర ఎలా ఉందో, ఎవరి తోడు పనికొచ్చిందో కూడా చెప్పాలి. ఈసారి చికిత్సను ఎక్కడి నుంచి అందుకోవాలో ఆ వివరాలను బట్టే తెలుస్తుంది.