బడి గ్రౌండ్‌కి, పార్కుకి గడ్డి మందు: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా నా పని మందులతోనే. మొదట్లో నల్గొండ జిల్లాలో ఒక ఫర్టిలైజర్ షాపు కౌంటర్ వెనక నిలబడి పత్తి రైతులకు పురుగు మందులు అమ్మాను. ఆ తర్వాత స్కూల్ గ్రౌండ్లు, కాలనీ పార్కులు చూసుకునే కాంట్రాక్టు పనిలోకి వచ్చాను. బడులు తెరిచే ముందు, జెండా పండుగ ముందు, యాన్యువల్ డే ముందు నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకటే: "సార్, గ్రౌండ్ అంతా గడ్డి లేసింది, నాలుగు ట్యాంకులు మందు కొట్టిపోరాదూ."

ఒకప్పుడు కొట్టేవాణ్ణి. ఒక వానాకాలం, ఊరి చివర ఉన్న ఒక స్కూల్లో వెడల్పాకు కలుపు కోసం 2,4-డి అనే గడ్డి మందు కొట్టించాను. ఆదివారం, పిల్లలు లేరు, గాలి కూడా పెద్దగా లేదనుకున్నాను. పది రోజులకు కాంపౌండ్ గోడ అవతలి పత్తి రైతు ఫోన్ చేశాడు: "సారూ, మా చేను ఒక్కసారి చూసిపో, ఆకు ఎట్లనో అయింది." వెళ్లి చూస్తే లేత ఆకులన్నీ చేతి వేళ్లలా సన్నగా సాగి, ముడుచుకుపోయి ఉన్నాయి. 2,4-డి అంటే పత్తికి అస్సలు పడదు, గాలిలో కొద్దిగా వచ్చినా అలాగే అవుతుంది. చేను గట్టు మీద నిలబడి గోడ వైపు చూసినప్పుడు నాకు కాళ్లు ఆడలేదు. గోడ ఇవతల, నేను మందు కొట్టించిన జాగాకీ పత్తికీ మధ్యలో ఉన్నది పిల్లలు మధ్యాహ్నం అన్నం తినే అరుగు, నీళ్ల ట్యాంకు, నల్లాలు. వాటి మీదుగా పోకుండా మందు ఆ చేనికి చేరే దారే లేదు. పత్తి ఆకు ముడుచుకుంది కాబట్టి మాకు తెలిసింది, అరుగు మీద పడింది ఎవరికీ కనబడలేదు. రైతుకి నష్టం కట్టిచ్చాను. పిల్లలు తిరిగే చోట అందం కోసం మందు కొట్టడం అప్పటితో ఆపేశాను.

అందం కోసం అనే మాట కావాలనే వాడుతున్నా. చేనులో మందు కొడితే దాని వెనక పంట ఉంటుంది, అప్పు ఉంటుంది, ఇల్లు ఉంటుంది. గ్రౌండ్‌లో కొడితే వెనక ఉన్నది చూడ్డానికి నీట్‌గా కనబడాలన్న కోరిక ఒక్కటే.

అపోహ: షాపులో అమ్ముతున్నారంటే ప్రభుత్వం సేఫ్ అన్నట్టే కదా

కాదు. 1968 పురుగు మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఇచ్చేది ఏ మందు ఏ పంటలో, దేని మీద, ఎంత మోతాదులో వాడాలి అన్న లెక్కతో. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు సంగతే చూడండి. 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదు. బడి వాచ్‌మన్ చేతికి చార్జింగ్ పంపు ఇచ్చి గేటు నుంచి స్టేజీ దాకా కొట్టించడం ఆ ఉత్తర్వుకే విరుద్ధం. ఈ సంగతి చెబితే చాలామంది హెడ్మాస్టర్లు నిజంగానే ఉలిక్కిపడతారు, వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

అదే గ్లైఫోసేట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో, మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఇంకా నడుస్తోంది, నడవనివ్వండి. నేను మాత్రం కబడ్డీ కోర్టు పక్కన నాలుగు గడ్డి పోచల కోసం పిల్లల ఒంటి మీద ఆ వాదన తేల్చుకోను.

అపోహ: డబ్బా మీద ఆకుపచ్చ త్రిభుజం ఉంటే భయం లేదు

షాపులో నేనే ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఈ నాలుగు రంగులూ చెప్పేది ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఎంత మోతాదు ప్రాణం తీస్తుంది అని మాత్రమే. రోజూ కొంచెం కొంచెం పోతే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. నల్గొండ వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన రోజు ఎవరికీ ఏమీ కాలేదు, ఎముకలు వంగింది ఏళ్ల తర్వాత. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లలు తమ బరువుకి ఎక్కువ గాలి పీలుస్తారు, ఎక్కువ నీళ్లు తాగుతారు, నేల మీద దొర్లుతారు, మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే పిల్లలను పురుగు మందులకు వీలైనంత దూరంగా ఉంచాలని తన విధానంగా ప్రకటించింది.

అపోహ: శనివారం సాయంత్రం కొడితే సోమవారానికి ఆరిపోతుంది

ఆరేది నీళ్లు, మందు కాదు. ఎండిన ఆకు మీద, దుమ్ములో, ఉయ్యాల గొలుసు మీద అది అలాగే ఉంటుంది. లాన్‌లో కొట్టిన 2,4-డి చెప్పుల వెంట ఇంట్లోకి వచ్చి తివాచీ దుమ్ములో చేరడం అమెరికా పరిశోధకులు కొలిచి చూపించారు. మన పిల్లలైతే సగం మంది గ్రౌండ్‌లో వట్టి కాళ్లతో ఆడతారు.

అపోహ: మందు కొట్టకపోతే పాములొస్తాయి

తల్లిదండ్రుల మీటింగులో ఈ ఒక్క మాటతో అందరూ మందు వైపు తిరుగుతారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ గడ్డి మందు పామును తరమదు. మందు కొట్టిన గడ్డి పడిపోదు, ఎండి అక్కడే నిలబడి ఉంటుంది, దాని కింద ఎలుక ఉంటుంది, ఎలుక కోసం పాము వస్తుంది. గడ్డిని కోసి బయట పారేస్తేనే నేల కనబడుతుంది. అసలు పాములు ఎక్కువగా కనబడేది గోడ వారన పోసిన ఇటుకలు, విరిగిన బెంచీలు, అన్నం మిగులు పారేసే మూల. ముందు అవి తీయించండి, బొరియలు పూడ్పించండి. దోమల సంగతీ ఇంతే, అవి పుట్టేది నిలవ నీళ్లలో, గడ్డిలో కాదు.

అపోహ: ఒక్కసారి కొడితే సీజన్ అంతా బెడద ఉండదు

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మే ఏటా బిల్లు కడతారు. గ్లైఫోసేట్ మంచి గడ్డి, చెడ్డ గడ్డి అని చూడదు, నేలను పట్టి ఉంచే గరికను కూడా చంపుతుంది. మన చలక నేల మీద గరిక పోయిందంటే మొదటి పెద్ద వానకే పైమట్టి కొట్టుకుపోతుంది. ఆ ఖాళీ జాగాలో ముందుగా లేచేది ఎవరు? భూమిలో గడ్డలు దాచుకున్న తుంగ, పిల్లల కాళ్లలో గుచ్చుకునే పల్లేరు, ఇంకా వయ్యారిభామ. వయ్యారిభామ ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది, దానికి కావలసింది ఖాళీ నేల, అది మనమే మందు కొట్టి తయారు చేసి ఇస్తున్నాం.

నేను చేసే పద్ధతి చెబుతా. తొలకరి పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వయ్యారిభామను వేరుతో పీకించాలి. పీకేవాళ్లకు చేతులకు గ్లౌజులు, మూతికి గుడ్డ తప్పనిసరి, దాని వల్ల ఒంటికి దద్దుర్లు, దురద, ఆయాసం వస్తాయి. స్వచ్ఛత కార్యక్రమం అని పిల్లల చేత పీకించకండి, దయచేసి. గోడల వెంట తంటెం (తగిరిస) గింజలు చల్లితే అది గుబురుగా పెరిగి వయ్యారిభామను లేవనివ్వదు, లేత ఆకు కూర కూడా అవుతుంది. తెల్లటి ఒంటి మీద ముదురు చారలున్న చిన్న పెంకు పురుగు వయ్యారిభామ ఆకును తింటూ కనబడితే దాన్ని చంపొద్దు, 1980లలో మెక్సికో నుంచి ఆ పని కోసమే తెప్పించిన పురుగు అది. ఆడే చోట గరికను బతకనిచ్చి, మరీ నేలకు అంటకుండా మూడు వేళ్ల ఎత్తు ఉంచి కోస్తే కింద నీడ పడి కలుపు విత్తనం మొలవదు. చెట్ల పాదుల్లో పల్లికాయ పొట్టు మందంగా పరిస్తే చాలు, పాలమూరు వైపు యాసంగి పల్లి తీసేటప్పుడు ఎంతైనా దొరుకుతుంది. మిర్యాలగూడ వైపు వాళ్లకు మిల్లుల ఊక ఉండనే ఉంది.

అపోహ: మనుషులతో తీయించాలంటే ఖర్చు భరించలేం

మొదటి ఏడాది ఖర్చు ఎక్కువే, అబద్ధం చెప్పను. బ్రష్ కట్టర్ ఉంటే ఎకరం గ్రౌండ్ ఒక మనిషికి ఒకటి రెండు రోజుల పని. పూత రాకముందే రెండేళ్లు వరుసగా కోస్తే మూడో ఏడు పని సగానికి పడిపోవడం నా సైట్లన్నిటిలో చూశాను, మందు కొట్టే చోట్ల ఏ ఏడూ తగ్గడం చూడలేదు.

అపోహ: ఉప్పు, వెనిగర్, బయో మందులైతే పర్లేదు

ఉప్పు నేలను పాడు చేస్తుంది, గట్టి వెనిగర్ కళ్లను కాలుస్తుంది. రిజిస్ట్రేషన్ నంబర్ లేని బయో డబ్బాలో ఏం కలిపారో అమ్మినవాడికే తెలియదు.

అపోహ: గడ్డి మందు వద్దనేవాళ్లు అసలు మందులే వద్దంటారు

మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని గుర్తు తెచ్చుకోండి. ఏడు వందల ఏళ్ల మర్రి అని చెప్పుకునే ఆ చెట్టును చెదలు తినేస్తుంటే 2018లో చెదలను చంపే మందు క్లోరిపైరిఫాస్‌ను సెలైన్ బాటిళ్లలో పెట్టి చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. అప్పటికే సందర్శకులను ఆపేశారు. నేను దాన్ని తప్పు పట్టను. పోగొట్టుకోకూడనిది ఒకటి ఉంది, రోగం ఏమిటో తెలుసు, మందు రోగం ఉన్న చోటికే పోయింది, మనుషులను దూరం పెట్టారు. బడి గ్రౌండ్‌లో గడ్డికి ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా వర్తించదు.

కెనడాలో ఒంటారియో రాష్ట్రం 2009లో అందం కోసం మందులు కొట్టడాన్ని నిషేధించినప్పుడు కూడా వ్యవసాయాన్ని, ప్రజారోగ్యాన్ని మినహాయించింది. నిషేధం వచ్చిన ఏడాదే పట్టణాల వాగుల్లో 2,4-డి తగ్గినట్టు అక్కడి పర్యావరణ శాఖ పరీక్షల్లో తేలింది. న్యూయార్క్ రాష్ట్రం 2010లో బడి మైదానాల కోసమే చట్టం చేసింది, ఫ్రాన్స్ 2017 నుంచి పబ్లిక్ పార్కుల్లో ఆపింది. మన దగ్గర అలాంటి చట్టం వచ్చే దాకా ఆగక్కర్లేదు, బడి కమిటీ ఒక తీర్మానం రాసుకుంటే ఆ బడి వరకు పని అయిపోతుంది.

అపోహ: గడ్డి అంటేనే మురికి

బతుకమ్మలో పేర్చే గునుగు చేనులో కలుపే. వినాయక చవితికి వండుకునే తుమ్మికూర, పప్పులో వేసుకునే గంగవాయిలి కూర కూడా ఎవరూ విత్తకుండా లేచేవే. గునుగు కోసం ఇప్పుడు ఊరి బయట ఎంత దూరం పోవాల్సి వస్తోందో మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి. నేను చూసే ఒక పార్కులో ఒక మూల కోయకుండా వదిలేశాం, సద్దుల బతుకమ్మ ముందు రోజు పొద్దున్నే కాలనీ పిల్లలు సంచులతో వచ్చి గునుగు కోసుకుపోతారు.

ఇక, మీ బడిలో ఇప్పటికే కొట్టేసి ఉంటే: ఏ మందు, ఏ రోజు కొట్టారో పేరుతో సహా రాయించుకోండి. కొట్టాక ఎన్నాళ్లు దూరంగా ఉండాలని లేబుల్ మీద రాశారో అంతకంటే ఎక్కువ రోజులే ఆ జాగాలోకి పిల్లలను పోనివ్వకండి. ఇంటికి రాగానే కాళ్లు చేతులు కడిగించండి, చెప్పులు బయటే విడిపించండి. మిగిలిన డబ్బా బడిలో ఒక్క రోజు కూడా ఉండకూడదు. 2013లో బీహార్‌లో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఎవరికైనా వాంతులు, కళ్ల మంట, ఊపిరాడకపోవడం ఉంటే 108కి ఫోన్ చేసి, డబ్బా గానీ లేబుల్ ఫోటో గానీ వెంట తీసుకెళ్లండి. డాక్టర్‌కి గడ్డి మందు అని చెబితే సరిపోదు, పారాక్వాట్‌నీ గడ్డి మందే అంటారు, గ్లైఫోసేట్‌నీ గడ్డి మందే అంటారు. పారాక్వాట్‌కి విరుగుడు లేదు, అందుకే అక్కడ మొదటి గంట నుంచే చికిత్స వేరుగా ఉంటుంది.